కెమెరా కంటికి ఎరుపు ఎట్లా కనబడుతుంది?

నిరుడు వేసవిలో మేము తేలియా రుమాలు నేసే ఒక వృద్ధుని ఇంటికి వెళ్ళాము. పూర్వపు నల్లగొండ జిల్లాలో పుట్టపాక ఈ నేతకు పెట్టింది పేరు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ఆ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును దినాల తరబడి నానబెట్టి, మర్దించి, ఆరబెట్టి, ఆ తరువాత ఎరుపు, నలుపు రంగులు ఎక్కించి నేసే చిటికి వస్త్రం అది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పెద్దాయన మాటలను ధ్వనిముద్రణ చేయడం మా పని. ఈ కాలంలో రేడియో వారు సైతం మాటతో పాటు బొమ్మను కూడా పట్టుకొనిపోవలసి వస్తున్నది గనుక, వెంట ఒక వీడియో కెమెరాను తీసికొని వెళ్ళాము. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో, ఇంటి ముందు దండెం మీద రుమాలును ఆరవేయించి చిత్రీకరించాము. ధ్వని చక్కగా వచ్చింది. సాయంకాలం ఆ బొమ్మను కంప్యూటరు తెర మీద వేసి ఆయనకు చూపించాము. ఆయన చాలాసేపు చూచి, “ఇది నేను ఎక్కించిన ఎరుపు గాదు సారూ. ఇది గాజరగడ్డ రంగు” అన్నారు.

తప్పు కెమెరాది కాదు, మాది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసికొనడానికి మాకు కొన్ని మాసాలు పట్టింది. ఆ తెలిసికొన్నదానినే ఈ ప్రసంగంలో పాఠకులకు విన్నవించదలచాము. ఇది కేవలం సరదా వ్యవహారం కాదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాళ్ళు నేడు అనేకులు తమ చీరలను ఫోనులోని వీడియోల ద్వారా దూరదేశాల వారికి చూపి అమ్ముకొంటున్నారు. తెరమీద కుంకుమరంగులో కనబడిన చీర ఇంటికి చేరేసరికి ఇటుకరంగులో ఉంటే కొన్నవారు తిప్పి పంపుతారు. ఆ నష్టం నేతగాని కూలిలో నుంచే పోతుంది. ఇక పెళ్ళిళ్ళు చిత్రీకరించే యువకులు అప్పుచేసి కెమెరాలు కొంటున్నారు. ఏ కెమెరా కొనవలెనో, కొన్న తరువాత రంగులను ఎట్లా సవరించవలెనో మమ్మల్ని అడిగేవారున్నారు. వారందరికీ ఉపయోగపడే విధంగా విషయాన్ని మొదటినుంచీ చెప్పుకొని వద్దాము.

ఇప్పుడు అందరూ మాట్లాడే కెమెరాలను మిర్రర్‌లెస్ కెమెరాలు అంటారు. అంటే అద్దం లేనివి. పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో లెన్సు వెనుక ఒక వాలుటద్దం ఉండేది. లెన్సు గుండా వచ్చిన వెలుతురును ఆ అద్దం పైకి మళ్ళించి ఛాయాగ్రాహకుని కంటికి చూపేది. మీట నొక్కినప్పుడు అద్దం పైకి లేచేది. 2008లో ఇటువంటి అద్దపు కెమెరా ఒకటి, కానన్ 5డి మార్క్ 2, పెద్ద సెన్సారు మీద పూర్తి హెచ్.డి. వీడియోను తీసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ఆ సంవత్సరమే పానసోనిక్ వారు జి1 అనే పేరుతో అద్దాన్ని పూర్తిగా తొలగించిన కెమెరాను విడుదల చేశారు. వీడియో తీసేటప్పుడు అద్దంతో ఏ పనీ లేదు. వెలుతురు ఎప్పుడూ సెన్సారు మీదనే పడుతూ ఉండవలె. అందుచేత వీడియోకు అద్దంలేని కెమెరాయే సహజమైన రూపమయింది. 2014లో పానసోనిక్ జిహెచ్4 తనలోనే 4కె వీడియోను నమోదు చేయగలిగింది. 2017లో జిహెచ్5 మరొక మెట్టు ఎక్కి, 10-బిట్ 4:2:2 అనే నాణ్యతతో నమోదు చేసింది. ఈ అంకెల అర్థం కొద్దిసేపటిలో వివరిస్తాము.

ముందు సెన్సారు రంగును ఎట్లా చూస్తుందో తెలియాలి. సెన్సారు స్వతహాగా రంగును ఎరుగదు. అది వెలుతురు ఎంత పడిందో మాత్రమే లెక్కపెడుతుంది. దాని మీద గల సూక్ష్మమైన గడుల పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల వడపోతలు అమర్చి ఉంటాయి. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన ఈ అమరికలో సగం గడులు ఆకుపచ్చకు, నాలుగో వంతు ఎరుపుకు, నాలుగో వంతు నీలానికి కేటాయించబడి ఉన్నాయి. ఒక్కొక్క గడిలో పడిన వెలుతురును చుట్టుపక్కల గడులతో పోల్చి కెమెరా రంగును ఊహిస్తుంది. మన తేలియా రుమాలు వంటి వస్త్రం మీద ఎరుపు గడులు మాత్రమే నిండుతాయి. మిగిలినవి దాదాపు ఖాళీగా ఉంటాయి.

రేడియోలో పనిచేసే మాకు ఈ సంగతి ఒక పోలికతో బోధపడింది. స్టూడియోలో ధ్వనిమాపకపు సూది ఎర్రగీతను దాటితే గొంతు చిట్లుతుంది. చిట్లిన గొంతును తరువాత ఎంత తగ్గించినా అది చిట్లిన గొంతే. చిత్రంలోనూ అంతే. మధ్యాహ్నపు ఎండలో ఎర్రగుడ్డ మీద ఎరుపు గడులు నిండి పొర్లిపోయినవి. అవి అంతకు మించి పెరగలేవు. కాని పక్కనున్న ఆకుపచ్చ గడులలో వెలుతురు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఎరుపుకు ఆకుపచ్చ కలిసిన కొద్దీ రంగు నారింజ వైపు జరుగుతుంది. పెద్దాయన చూచిన గాజరగడ్డ రంగుకు కారణం ఇదే. తెరమీద మొత్తం బొమ్మ వెలుతురు సరిగానే ఉన్నట్లు కనబడింది. ఎరుపు ఒక్కటే గీత దాటింది. అది మేము గమనించలేదు. కెమెరాలలో మూడు రంగుల వెలుతురును వేరువేరుగా చూపే రేఖాచిత్రం ఉంటే దానిని చూచే అలవాటు చేసికొనవలె. లేకపోతే ఎర్రని వస్త్రం ముందు అవసరమనిపించిన దానికన్నా ఒక స్టాపు తక్కువ వెలుతురుతో తీయడం మేలు.

ఇప్పుడు స్టాపు అనే మాట వచ్చింది. వెలుతురు రెట్టింపయినా, సగమయినా దానిని ఒక స్టాపు అంటారు. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు. పది స్టాపులంటే 1,024 రెట్లు. పదమూడు స్టాపులంటే 8,192 రెట్లు. ఒక కెమెరా ఒకే చిత్రంలో అతి చీకటి నుంచి అతి వెలుగు దాకా ఎన్ని స్టాపులను వివరంగా పట్టగలదో దానినే డైనమిక్ రేంజి అంటారు. మన ఎగువనేలల ఎండ కెమెరాలకు కఠిన పరీక్ష. నల్లగొండ పక్కనున్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూచినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. బయట ఎండలో తెల్లపంచె కట్టిన మనిషి, లోపల స్తంభాల నడుమ నుంచి చెదరి వచ్చే వెలుతురుతో గర్భగుడిలో నిలిచి ఉండే నీడ. ఈ రెండింటినీ ఒకే చిత్రంలో పట్టబోతే పంచె తెల్లకాగితమైపోతుంది, లేదా నీడ మసిముద్ద అవుతుంది. మన కన్ను రెండింటినీ చూడగలుగుతున్నది గనుక కెమెరా కూడా చూస్తుందని భ్రమపడతాము. మహబూబ్‌నగర్ సమీపాన గల పిల్లలమర్రి కింద కూడా ఇదే చిక్కు. ఊడల మధ్య మచ్చలు మచ్చలుగా పడిన ఎండ ముఖం మీద సగం మండిపోతుంది. మిగతా సగం మీద ఆకుల నుంచి పరావర్తనమైన పచ్చదనం పడుతుంది.

ఈ ఇబ్బందికి కెమెరా నిర్మాతలు కనిపెట్టిన ఉపాయం ‘లాగ్’ చిత్రీకరణ. లాగరిథం అనే గణితపదానికి ఇది సంక్షిప్తరూపం. మామూలు చిత్రంలో వెలుగు భాగాలకు, నీడ భాగాలకు చోటు తక్కువగా దొరుకుతుంది. లాగ్‌లో ప్రతి స్టాపుకూ ఇంచుమించు సమానమైన చోటు దొరుకుతుంది. సోనీ వారి ఎస్-లాగ్ 3, కానన్ వారి సి-లాగ్ 3, పానసోనిక్ వారి వి-లాగ్, ఫూజీ వారి ఎఫ్-లాగ్ 2, నికాన్ వారి ఎన్-లాగ్ అన్నీ ఈ జాతివే. లాగ్ చిత్రం మొదట చూడడానికి వెలిసిన గుడ్డవలె వివర్ణంగా ఉంటుంది. దానికి తరువాత రంగును, కాంతిని తిరిగి సమకూర్చవలె. ఆ సమకూర్చడమే కలర్ గ్రేడింగ్. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. గ్రేడింగ్ అనేది నమోదైన దానిని సర్దిపెడుతుంది. నమోదు కానిదానిని సృష్టించలేదు. రంగు దిద్దుబాటు గదిలో కాదు, మొదట ఎండలోనే నిర్ణయమైపోతుంది.

నమోదు ఎంత సూక్ష్మంగా జరిగిందో చెప్పేది బిట్ల సంఖ్య. 8-బిట్ చిత్రంలో ఒక్కొక్క మూలవర్ణానికి 256 మెట్లు. 10-బిట్ చిత్రంలో 1,024 మెట్లు. మూడు వర్ణాలను కలిపితే 8-బిట్‌లో సుమారు 1.67 కోట్ల రంగులు, 10-బిట్‌లో సుమారు 107 కోట్ల రంగులు లెక్కకు వస్తాయి. కంటికి 1.67 కోట్లు చాలవా అని అడగవచ్చు. మామూలు చిత్రానికి చాలును. కాని లాగ్ చిత్రంలో ఆ మెట్లను పధ్నాలుగు స్టాపులకు పంచవలసి వస్తుంది. స్థూలంగా లెక్కవేస్తే 8-బిట్‌లో ఒక్కొక్క స్టాపుకు పదునెనిమిది మెట్లే మిగులుతాయి. 10-బిట్‌లో డెబ్భై మూడు. పదునెనిమిది మెట్ల చిత్రాన్ని దిద్దబోయి సాగదీస్తే సాయంకాలపు ఆకాశం మీద చారలు పడతాయి. ఎర్రచీర కుచ్చిళ్ళలో మడతలు అతుకులవలె కనబడతాయి. కనుక 8-బిట్ మాత్రమే గల కెమెరాలో లాగ్‌ను వాడకుండా, కావలసిన రంగును కెమెరాలోనే సరిచూచుకొని తీయడం ఉత్తమం. 10-బిట్ గల కెమెరాలో లాగ్ సార్థకమవుతుంది.

ఇక 4:2:0, 4:2:2 అనే అంకెల సంగతి. ఇవి రంగును ఎంత పొదుపుగా దాచారో తెలుపుతాయి. మన కన్ను వెలుగునీడల అంచులను చురుకుగా గుర్తిస్తుంది, రంగుల అంచులను అంతగా గుర్తించదు. అందుచేత కెమెరా ప్రతి బిందువుకూ వెలుతురును దాచుకొంటుంది కాని, రంగును మాత్రం కొన్ని బిందువులకు కలిపి ఒక్కటిగా దాచుకొంటుంది. 4:2:0లో నాలుగు బిందువులకు ఒక రంగు. 4:2:2లో రెండు బిందువులకు ఒకటి. మనిషి ముఖానికి ఈ తేడా అంతగా తెలియదు. ఎరుపు, నలుపు దారాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొనిపోయే చిటికి నేత అంచుల దగ్గర మాత్రం రంగు పారినట్లుగా తెలుస్తుంది. నేత వస్త్రాలను దగ్గరగా తీసేవారు 4:2:2ను కోరుకొనడంలో అర్థమున్నది.

నేత వస్త్రాలతో మరొక చిక్కు ఉన్నది. పడుగుపేకల గళ్ళు, సెన్సారు మీది గళ్ళు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు, లేని అలలు బొమ్మలో పుట్టుకొస్తాయి. రెండు సన్నని జాలీలను ఒకదానిపై ఒకటి పెట్టి కదిపి చూడండి. ఇదే వింత కనబడుతుంది. దీనిని మొయిరే అంటారు. నారాయణపేట చీరల చిన్న గళ్ళ మీద ఇది తరచుగా కనబడుతుంది. సెన్సారు ముందు బొమ్మను అతి స్వల్పంగా మెత్తబరచే ఒక పలుచని వడపోత ఉంటే ఈ బెడద తగ్గుతుంది. 2019లో వచ్చిన పానసోనిక్ ఎస్1హెచ్‌లో ఈ వడపోత ఉన్నది. ఫూజీ వారు మూలవర్ణపు గడులను వేరొక క్రమంలో అమర్చి ఈ దోషాన్ని తగ్గించే మార్గాన్ని అనుసరించారు. ఏ కెమెరాలోనయినా ఈ అలలు కనబడితే ఒక అడుగు ముందుకో వెనుకకో జరగండి. చాలాసార్లు అదే చాలును. పుట్టిన అలలను గ్రేడింగ్‌లో తుడిచివేయడం మిక్కిలి కష్టం.

ఈ పరిచయం తరువాత కొన్ని కెమెరాలను పోల్చి చూడవచ్చు. దుకాణంలో మొదట వినబడేది మెగాపిక్సెళ్ళ సంఖ్య. 4కె చిత్రానికి కావలసిన బిందువులు సుమారు 83 లక్షలు మాత్రమే. 2020లో వచ్చిన సోనీ ఎ7ఎస్ 3లో పన్నెండు మెగాపిక్సెళ్ళే ఉన్నాయి. వీడియోకు అది లోపం కాదు. గడులు పెద్దవి గనుక దీపపు వెలుతురులో, రాత్రి జాతరలలో ఆ కెమెరా శుభ్రమైన చిత్రాన్ని ఇస్తుంది. దాని తోబుట్టువు వంటి ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరాతోనే 2023లో ‘ది క్రియేటర్’ అనే హాలీవుడ్ చిత్రాన్ని తీశారు. 2021లో వచ్చిన సోనీ ఎ7 4లో ముప్పది మూడు మెగాపిక్సెళ్ళు. అది అధికంగా చదివిన బిందువులను కుదించి 4కె చేస్తుంది గనుక అంచులు నిశితంగా వస్తాయి. కాని సెన్సారు పైనుంచి కిందికి చదవడానికి ఎక్కువ సమయం తీసికొంటుంది. వేగంగా కదిలే వస్తువు వంగినట్లు కనబడుతుంది. మగ్గం మీద పరుగెత్తే నాడెను తీసేవారికి ఇది ముఖ్యం. 2024లో వచ్చిన నికాన్ జడ్6 3 ఈ విషయంలో వేగవంతమైనది. పైగా అసంస్కృతమైన రా వీడియోను తనలోనే దాచగలదు.

2022లో వచ్చిన కానన్ ఆర్6 మార్క్ 2, 2023లో వచ్చిన పానసోనిక్ ఎస్5 2 రెండూ ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ పూర్తి చట్రపు కెమెరాలు. రెండూ 10-బిట్ 4:2:2లో లాగ్‌ను నమోదు చేస్తాయి. ఎస్5 2లో వేడిని బయటికి నెట్టే చిన్న పంఖా ఉండడం మనవంటి ప్రాంతాలకు ప్రత్యేక సౌకర్యం. చిన్న సెన్సారు కెమెరాలలో 2023 నాటి ఫూజీ ఎక్స్-ఎస్20 కూడా 10-బిట్ 4:2:2 ఇస్తుంది. దానిలోని ఎటర్నా వంటి ఫిల్ము వర్ణరీతులు గ్రేడింగ్ చేసే తీరికలేని వారికి పనికివస్తాయి. 2021 నాటి సోనీ జడ్‌వి-ఇ10 వీరందరికన్నా తక్కువ ఖర్చుతో వచ్చింది. కాని అది 8-బిట్ 4:2:0 దాకానే. 2024లో వచ్చిన దాని రెండవ రూపంలో ఈ కొరతను 10-బిట్‌తో పూరించారు. వీటిలో ఏదీ చెడ్డ కెమెరా కాదు. వస్త్రాలను, ముఖాలను పగటి వెలుతురులో తీసి దిద్దుకొనదలచినవారికి పెద్ద సెన్సారు కన్న 10-బిట్ ముఖ్యం. రాత్రి పెళ్ళిళ్ళు తీసేవారికి పెద్ద సెన్సారు ముఖ్యం. మేము చెప్పదలచిన తారతమ్యం ఇంతే.

దుకాణదారు చెప్పని మూడు విషయాలు కూడా ఉన్నాయి. మొదటిది వేడి. చాలా కెమెరాలను 40 డిగ్రీల సెల్సియస్ వరకు వాడవచ్చునని నిర్మాతలు వ్రాస్తారు. మన వేసవి ఆ గీతను దాటుతుంది. నల్లని కెమెరా ఎండలో నిలబడితే లోపల ఇంకా వేడెక్కి నడిమధ్యలో ఆగిపోవచ్చు. గొడుగు, తడిబట్ట కప్పిన నీడ, చిత్రీకరణల మధ్య విశ్రాంతి అవసరం. రెండవది ఎన్.డి. వడపోత. లాగ్‌లో చాలా కెమెరాలు 640 లేక 800 ఐ.ఎస్.ఓ. వద్ద పనిచేస్తాయి. అది ఎండకు ఎక్కువ. 800 వద్ద, సెకనులో యాభయ్యో వంతు షట్టరుతో, లెన్సును ఎఫ్/4 వద్ద ఉంచి మధ్యాహ్నం తీయాలంటే వెలుతురును ఎనిమిది స్టాపులు, అనగా 256వ వంతుకు తగ్గించవలె. ఆ నల్లని వడపోత లేకుండానే మేము ఆనాడు చిత్రీకరణకు బయలుదేరాము. మూడవది దీపాలు. మన విద్యుత్తు సెకనుకు యాభై ఆవృత్తులది గనుక చౌకరకం దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. షట్టరును యాభయ్యో వంతుకో, నూరవ వంతుకో ఉంచితే ఆ మినుకు బొమ్మలో పడదు.

ఇక గ్రేడింగ్. ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. ఫిల్ము కాలంలోనే లేబొరేటరీలలో నిపుణులు ప్రతి షాటుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురులను హెచ్చుతగ్గులు చేసి కాపీలు తీసేవారు. తెలంగాణ గడీ జీవితాన్ని చూపిన బి. నర్సింగరావు గారి ‘దాసి’ 1988 నాటి చిత్రం. దానికి ఛాయాగ్రహణం చేసిన ఎ.కె. బీర్ గారికి జాతీయ పురస్కారం లభించింది. ఆ రోజులలో ఆ పని కొద్దిమందికే సాధ్యం. 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ డావించి అనే గ్రేడింగ్ యంత్రాల సంస్థను కొని, ఆ తరువాత రిజాల్వ్ అనే ఉపకరణాన్ని ఉచిత రూపంలో కూడా అందించడంతో పల్లెటూరి యువకుని బల్ల మీదికి ఆ విద్య వచ్చి చేరింది.

దానిని వాడే క్రమం సంగీత కచేరీ వంటిది. ముందు తంబురా శ్రుతి చేసికొనాలి, తరువాతనే రాగం. చిత్రీకరణలో మొదట ఒక బూడిదరంగు అట్టను, వీలయితే ఇరవై నాలుగు రంగుల పలకను వస్త్రం పక్కన పట్టి పది సెకనులు తీయండి. దిద్దుబాటులో మొదట ఆ బూడిదను బూడిదగా చూపండి. అదే తెలుపు సరిచేయడం. తరువాత వెలుతురును సరిచూడండి. అటు పిమ్మట లాగ్‌ను టెలివిజన్ ప్రమాణమైన రెక్.709లోకి మార్చండి. కెమెరా నిర్మాత ఇచ్చే లట్ అనే పట్టిక ఈ పని చేస్తుంది. అప్పటికిగాని రుచికి తగిన హంగులు చేర్చరాదు. చివరగా చీరను పగటి వెలుతురులో తెర పక్కన పట్టి పోల్చండి. ఆ తరువాత అదే వీడియోను రెండు మూడు ఫోనులలో చూడండి. కొనేవారు చూచేది మీ పెద్ద తెర కాదు.

ముఖాల విషయంలో ఒక్క మనవి. కొందరు గ్రేడింగ్ పేరుతో మన మనుషుల ముఖాలను పాలిపోయేటట్లు తెలుపు చేస్తున్నారు. వెక్టరుస్కోపు అనే కొలమానంలో మానవుల చర్మవర్ణం, అది నలుపయినా తెలుపయినా, దాదాపు ఒకే గీత చుట్టూ పడుతుంది. మనుషుల మధ్య భేదమంతా ముఖ్యంగా వెలుతురులోనే. చెల్కలలో ఎండకు పనిచేసిన స్త్రీ ముఖాన్ని ఆ గీత మీద నిలిపి, దాని సహజమైన గాఢతను అట్లాగే ఉంచినప్పుడు ఎంత నిండుగా ఉంటుందో చూడండి. ఆ పాలిపోయిన ముఖం ఆమెది కాదు. ఎర్రమట్టి మీద నుంచి ఎగసిన వెలుతురు గడ్డం కింద కొద్దిపాటి ఎరుపును ఇస్తుంది. అది కూడా ఆ నేలదే. దానిని పూర్తిగా తుడిచివేయనవసరం లేదు.

కెమెరా కొనబోయేవారు దుకాణంలోని రంగుల పోస్టరు మీద పరీక్షించకుండా, ఇంటినుంచి ఒక గద్వాల చీరను తీసికొని వెళ్ళండి. దాని నూలు శరీరం ఒకవిధంగా, పట్టు అంచు, జరీ మరొకవిధంగా వెలుతురును తిప్పికొడతాయి. రెండింటినీ ఒకే చిత్రంలో నిలిపే కెమెరా మంచిది. వీలయితే ఒక దినం అద్దెకు తీసికొని, మధ్యాహ్నం గుమ్మంలో నిలబడిన మనిషిని, రాత్రి దీపం కింద పసిపిల్లను, మగ్గం మీద నాడెను తీసి చూడండి. గంటసేపు ఆపకుండా నడిపి వేడెక్కుతుందేమో గమనించండి. తరువాత ఆ బొమ్మలను మీరే దిద్ది చూడండి. ఏ పోలికల పట్టికా దీనికి సాటిరాదు. డబ్బు పరిమితమైనప్పుడు తాజా కెమెరాకు బదులు కొద్దిగా పాతదానిని కొని, మిగిలిన సొమ్ముతో మంచి ఎన్.డి. వడపోతను, బూడిద అట్టను, ఒక తెల్లని పరదాను సమకూర్చుకొనండి.

మేము మళ్ళీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాము. ఈసారి ఉదయం ఎనిమిది గంటలకు, వేపచెట్టు నీడకు అవతల తెరిపి ఆకాశపు వెలుతురులో రుమాలును పరచాము. 10-బిట్ లాగ్‌లో, ఎరుపు గీత దాటకుండా చూచుకొని, బూడిద అట్టను పక్కన పట్టి తీశాము. సాయంకాలం ఆయన ముందు కూర్చొని, రుమాలును ఒడిలో పెట్టుకొని, తెరను దానితో పోలుస్తూ మెల్లగా దిద్దాము. చివరికి ఆయన, “ఇప్పుడు దగ్గరికొచ్చింది సారూ. కాని చేతిల వట్టి చూస్తేనే అసలు సంగతి” అన్నారు. ఆ మాటలో నిజమున్నది. కెమెరా వడపోతలు మనిషి కన్ను వంటివి కావు. ఎంత మంచి కెమెరా అయినా దగ్గరకు వస్తుందే గాని అదే రంగు కాదు. అందుచేత ఆయన వీడియోకు మేము ఒక చిన్న చేర్పు చేశాము. రంగు ఎట్లా ఎక్కించారో, అది పగలు ఎట్లా ఉంటుందో, దీపం కింద ఎట్లా ముదురుతుందో ఆయన మాటలలోనే చెప్పించి, బొమ్మకు జతచేశాము. తమ చీరలను వీడియోలో చూపి అమ్ముకొనే నేతగాళ్ళందరూ ఈ పని చేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.